చేదోడు సరే, వాదోడు ఎవరు?

‘చేదోడు వాదోడు’ అని జంటగా వాడేస్తాం గానీ అవి రెండు వేర్వేరు పనులు. చేతికి తోడు చేదోడు, మాటకు తోడు వాదోడు. మేధో వైకల్యం ఉన్న నలభై ఏళ్ల మనిషికి మందులు వేయడం, బట్టలు మార్చడం, బస్సెక్కించడం చేదోడు. అది చాలా ఇళ్లలో ఉంది. అమ్మలు, అక్కలు, వదినలు ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నారు. అదే మనిషి ‘ఆ మాత్ర వేసుకుంటే కాళ్లు ఆగట్లేదు’ అనో, ‘నేను అన్నయ్య ఇంట్లో ఉండను’ అనో చెప్పాలనుకుంటే, ఆ మాట డాక్టరు ముందుకో బ్యాంకు మేనేజరు ముందుకో చెడకుండా చేరేలా చూడటం వాదోడు. ఇంగ్లిషులో దీన్ని అడ్వొకసీ అంటారు. మనకు అడ్వొకేట్ అనగానే నల్లకోటు కళ్ల ముందు కదులుతుంది కాబట్టి, ఈ పని చేసేవారిని ఇక్కడ వాదోడు అనే పిలుద్దాం. ఆ మనిషి లాయరు కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త కావచ్చు, అదే వైకల్యం ఉన్న మరొకరూ కావచ్చు.

2006 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. వైకల్యం ఉందని నిర్ణయాధికారం లాక్కోవద్దు, నిర్ణయం తీసుకోవడానికి కావలసిన సాయం ఇవ్వండి అంటుంది అందులోని 12వ అధికరణం. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వెనుక ఉన్నది అదే ఒడంబడిక. కౌంటర్ల దగ్గర, వార్డుల్లో మాత్రం ఇప్పటికీ మొదట వినిపించే ప్రశ్న ‘గార్డియన్ ఎవరు?’ అన్నదే. చాలాసార్లు ఆ ప్రశ్నే తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ముందు పేర్ల చిక్కు విప్పాలి.

పేరు తప్పితే చట్టం తప్పుతుంది

బ్రిటన్‌లో ‘లెర్నింగ్ డిజెబిలిటీ’ అంటే మనం మేధో వైకల్యం అనేదే. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో ‘స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ’ అంటే డిస్లెక్సియా వంటివి, అంటే చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఇబ్బందులు. డిస్లెక్సియా ఉన్న పెద్దవారికి గార్డియన్ ప్రసక్తే రాదు. ఆయనకు కావలసింది ఫారం చదివి వినిపించే మనిషి, కాస్త ఎక్కువ సమయం.

మేధో వైకల్యం వేరు, మానసిక అనారోగ్యం వేరు. మొదటిది ఎదుగుదల దశలోనే కనిపిస్తుంది, ఐక్యూతో పాటు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరన్నదీ చూసి నిర్ధారిస్తారు. స్కిజోఫ్రేనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్ వంటి రెండో రకం ఏ వయసులోనైనా రావచ్చు, తగ్గవచ్చు, మళ్లీ రావచ్చు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, మానసిక అనారోగ్యాన్ని నిర్వచిస్తూ మేధో వైకల్యాన్ని స్పష్టంగా పక్కన పెట్టింది. కాకపోతే ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు, ఉండటం మామూలు జనంలో కంటే ఎక్కువ కూడా. అప్పుడు ఆయన డిప్రెషన్‌కు 2017 చట్టం వర్తిస్తుంది, మేధో వైకల్యానికి వేరే చట్టాలు వర్తిస్తాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ మీద ఏ వైకల్యం పేరు రాసి ఉందో చూడకుండా కలెక్టరేట్‌కు వెళ్లి, అక్కడి నుంచి కోర్టుకు, కోర్టు నుంచి ఆస్పత్రికి తిరిగే కుటుంబాల కథ మొదలయ్యేది ఇక్కడే.

ఈ తేడా ఎంత బరువైనదో 2009లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన చండీగఢ్ కేసు చూపించింది. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న మేధో వైకల్యం గల యువతి అత్యాచారానికి గురై గర్భవతి అయింది. బిడ్డను కంటానంది. గర్భస్రావం చేయించాలని హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. గర్భస్రావ చట్టం మానసిక అనారోగ్యం ఉన్నవారి తరఫున గార్డియన్ సమ్మతిని ఒప్పుకుంటుంది గానీ మేధో వైకల్యం ఉన్నవారి విషయంలో కాదని, ఆమె సమ్మతి లేకుండా చేయడానికి వీల్లేదని చెప్పింది. రెండు మాటలను కలిపేసి ఉంటే ఆమె ఇష్టానికి చోటే ఉండేది కాదు.

మూడు కాగితాలు, మూడు అధికారాలు

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. దాని కింద ప్రతి జిల్లాలో కలెక్టర్ స్థాయి అధికారి, ఒక నమోదిత సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి కలిసిన లోకల్ లెవెల్ కమిటీ పద్దెనిమిదేళ్లు దాటినవారికి గార్డియన్‌ను నియమించగలదు. స్కిజోఫ్రేనియా ఒక్కటే ఉన్న మనిషికి ఈ కమిటీ గార్డియన్‌ను ఇవ్వలేదు, అది దాని పరిధిలోనే లేదు. ఈ సంగతి తెలియక దరఖాస్తు పెట్టి నెలలు పోగొట్టుకునేవారు ఎక్కువ.

అసలు గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏ పనులకు అన్నది కమిటీ చూడాలని చట్టమే చెబుతోంది. దరఖాస్తులో ‘అన్ని వ్యవహారాలకూ’ అని రాసేయడం మన అలవాటు. వాదోడు అక్కడ ఒక ప్రశ్న వేయాలి: ఇప్పుడు ఏ పని ఆగిపోయింది? చాలాసార్లు వచ్చే జవాబు ఫ్యామిలీ పెన్షన్ ఖాతా. అలాగైతే దరఖాస్తు ఆ పనికే. గార్డియన్ అయినవారు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా ఏటా లెక్కలు చూపాలి. లెక్కలు అడిగేవాళ్లు లేకపోతే ఇచ్చేవాళ్లూ ఉండరు, కాబట్టి ఆ తేదీలను వాదోడు తన డైరీలో రాసుకోవడం మంచిది. ఆస్తి స్వాహా చేసినా, మనిషిని పట్టించుకోకపోయినా గార్డియన్‌ను తొలగించమని అడగవచ్చు.

రెండోది 2016 చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు. దీనిలోని సెక్షన్ 14 కింద జిల్లా కోర్టు గానీ, రాష్ట్రం ప్రకటించిన అధికారి గానీ ‘పరిమిత గార్డియన్’ను ఇవ్వవచ్చు. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, అదీ ఆ మనిషి ఇష్టానుసారం, ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం అది. పాత చట్టాల కింద నియమితులైన గార్డియన్లు కూడా ఇకపై పరిమిత గార్డియన్లుగానే పనిచేసినట్టు లెక్క అని ఆ సెక్షన్ తేల్చింది. సెక్షన్ 13 దానికి ముందు మెట్టు. ఆస్తి కలిగి ఉండటం, డబ్బు చూసుకోవడం, రుణం తీసుకోవడం అందరితో సమానంగా వైకల్యం ఉన్నవారి హక్కు. సాయం చేసే మనిషికి ఆ లావాదేవీలో సొంత లాభం ఉంటే ఆ ఒక్క లావాదేవీ నుంచి తప్పుకోవాలి. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన అనుమానించకూడదని కూడా అదే సెక్షన్ అంటుంది. సాయం చేసే మనిషి నచ్చకపోతే మార్చుకునే హక్కూ ఇచ్చింది.

మూడోది 2017 చట్టంలోని నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే మానసిక చికిత్స విషయాల్లో మనిషి తరఫున నిలిచే ప్రతినిధి. బ్యాంకు నామినీకీ ఈ ప్రతినిధికీ సంబంధం లేదు. చికిత్స నిర్ణయాల్లో తోడుండటం, డిశ్చార్జి ఏర్పాట్లలో పాల్గొనడం, హక్కులకు భంగం కలిగితే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు వెళ్లడం, అవసరమైతే ఆస్పత్రిలో చేర్చమని దరఖాస్తు ఇవ్వడం ఈయన పని. ఆస్తి జోలికి వెళ్లే అధికారం లేదు. నియామకానికి స్టాంపు పేపరు, నోటరీ ఏవీ అక్కర్లేదు. తెల్లకాగితం మీద ఫలానా వారిని నా ప్రతినిధిగా పెట్టుకుంటున్నానని రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ ప్రతినిధి మైనరు కాకూడదు, ఒప్పుకుని ఉండాలి. మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎవరినీ పెట్టుకోకపోతే బంధువు, తర్వాత సంరక్షకులు, ఆ తర్వాత బోర్డు నియమించే వ్యక్తి అనే వరుసలో ప్రతినిధి తనంతట తానే వచ్చేస్తాడు. ఈ వరుసే ఇబ్బంది. పొలం తగాదాలో ఉన్న అన్నయ్యే ఆస్పత్రిలో ‘బంధువు’ హోదాలో ప్రతినిధిగా కూర్చునే వీలుంది. కాబట్టి వార్డులోకి అడుగుపెట్టగానే వాదోడు చూడాల్సిన మొదటి కాగితం కేస్‌షీటులో ప్రతినిధిగా ఎవరి పేరుందన్నదే. ఆ పేరు మనిషి ఎంచుకున్నదా, వరుసలో వచ్చిందా అడగాలి.

వాదోడు ఈ ముగ్గురిలో ఎవరూ కాదు. సంతకం పెట్టే అధికారం వాదోడుకు లేదు. అధికారం లేకపోవడమే ఆ స్థానానికి బలం. ఏ నిర్ణయం వచ్చినా తనకు ఒరిగేదేమీ లేని మనిషి గదిలో ఒకరైనా ఉండాలి.

‘అవును’ను ఎంతవరకు నమ్మాలి

ఇక అసలు పని. ఎవరి మాటనైనా మోయాలంటే ముందు ఆ మాటేమిటో తెలియాలి. మేధో వైకల్యం ఉన్న పెద్దవారిలో చాలామంది చిన్నప్పటి నుంచీ తల ఊపితే మెచ్చుకోలు, ఊపకపోతే చీవాట్లు చూసినవాళ్లు. అడిగిన ప్రతిదానికీ అవుననడం వారికి అబద్ధం కాదు, మర్యాద. ఈ సంభాషణ చూడండి.

‘ఇక్కడ ఉండటం బాగుందా?’
‘బాగుంది.’
‘అయితే ఇక్కడే ఉంటారా?’
‘ఉంటాను.’
‘ఇంటికి వెళ్లాలని ఉందా?’
‘ఉంది.’

రిపోర్టులో మొదటి రెండు జవాబులే చేరతాయి. మూడో ప్రశ్న అడిగేవారే అరుదు. అవును, కాదు ప్రశ్నలు మానేసి ‘నిన్న పొద్దున లేచాక ఏం చేశారు? తర్వాత?’ అని జరిగినదాన్ని అడిగితే ఇష్టాయిష్టాలు వాటంతట అవే బయటపడతాయి. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే చాలామంది చివర విన్నదాన్నే చెబుతారు. అందుకే కాసేపయ్యాక వరుస తిప్పి మళ్లీ అడగాలి. మాటల బదులు ఫొటోలు పెట్టి ఎంచుకోమంటే కుడి, ఎడమ మార్చి చూడాలి. జవాబు ఫొటోతో పాటు కదిలితే అది ఇష్టం. ఎప్పుడూ కుడి వైపే వేలు పెడితే అది అలవాటు. ప్రశ్న అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగాలి. ఆ మౌనం భరించలేక మనమే జవాబు అందించేస్తాం, పక్కనున్న అమ్మగారైతే మరీనూ.

ఒక్కసారి కలిస్తే చాలదు. కనీసం రెండుసార్లు, వేర్వేరు పూటల్లో, ఒకసారైనా ఇంటివాళ్లు, సిబ్బంది వినపడని దూరంలో కూర్చోవాలి. నిద్రమత్తు తెచ్చే మాత్ర రాత్రి వేస్తే పొద్దున తొమ్మిదింటి మనిషి వేరు, సాయంత్రం నాలుగింటి మనిషి వేరు. ఒక్కో భేటీ అరగంట దాటనివ్వకండి. కాగితం ఇవ్వాల్సి వస్తే వాక్యానికి ఒక్క సంగతి, పెద్ద అక్షరం, పక్కన బొమ్మ ఉండాలి. ‘సమ్మతి తెలియజేయుచున్నాను’ వంటి భాష డిగ్రీ చదివినవారికే అడ్డం పడుతుంది.

విన్నదాన్ని వారి మాటల్లోనే రాసుకోవాలి. ‘ఇంటికి అన్నం తినడానికి పోతా’ అని ఆయన అంటే, రిపోర్టులో ‘రోగి డిశ్చార్జి కోరుతున్నారు’ అని రాయకూడదు. ఆయన అడిగింది డిశ్చార్జి కాకపోవచ్చు, ఆస్పత్రి భోజనం పడకపోవడం కావచ్చు. వాదోడు ఎక్కువగా పొరపడేది ఇలా సాఫు చేయడంలోనే.

డాక్టరు గదిలో, వార్డులో

మేధో వైకల్యం ఉన్న మనిషిలో ఏ మార్పు వచ్చినా ‘వాళ్లంతేలే’ అని తోసేయడానికి వైద్యంలో ఒక పేరే ఉంది, డయాగ్నొస్టిక్ ఓవర్‌షాడోయింగ్. 1982లో అమెరికా మానసిక శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. వైకల్యం నీడలో రోగం కనిపించదు. ఉన్నట్టుండి తల గోడకు కొట్టుకుంటున్న మనిషికి పంటినొప్పి ఉండవచ్చు, చెవిలో చీము ఉండవచ్చు, వారం రోజులుగా విరేచనం కాకపోయి ఉండవచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు మందకొడిగా మారితే థైరాయిడ్ చూడాలి, నలభై దాటితే అల్జీమర్స్ కూడా. మరొకటి ఇంకా మోసకారిది. కొన్ని సైకోసిస్ మందులకు కాళ్లు నిలవనివ్వని అసహనం వస్తుంది, దాన్ని అకతీసియా అంటారు. చెప్పుకోలేని మనిషి గదంతా తిరుగుతాడు, అరుస్తాడు. అది చూసి రోగం ముదిరిందని మోతాదు పెంచుతారు, పెంచితే తిరుగుడు పెరుగుతుంది.

దీనికి విరుగుడు ఒక్క పేజీ కాగితం. మనిషి మామూలుగా ఉన్నప్పుడు ఎన్ని గంటలు నిద్రపోతాడు, ఎంత తింటాడు, బరువెంత, ఎన్ని మాటలు మాట్లాడతాడు, రోజూ ఏ పని ఇష్టంగా చేస్తాడు అన్నది పైన. ఏ తేదీ నుంచి ఏది మారింది, ఆ తేదీకి అటూ ఇటూ ఏ మందు మారింది అన్నది కింద. ‘గోల చేస్తున్నాడు’ అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘12వ తేదీన కొత్త మాత్ర మొదలైంది, 15 నుంచి పది నిమిషాలు కూర్చోవడం లేదు’ అంటే తెలుస్తుంది. మందు ఆపమనో పెంచమనో చెప్పడం వాదోడు పని కాదు. ‘ఇది మందు వల్ల కావచ్చా?’ అని అడగడం మాత్రం కచ్చితంగా పనే. ఆ ప్రశ్న, జవాబు కేస్‌షీటులో రాయించగలిగితే మరీ మంచిది.

మానసిక అనారోగ్యంతో చేరిన పెద్దలకు 2017 చట్టం ఇచ్చే మొదటి రక్షణ, నిర్ణయ సామర్థ్యం ఉందనే ముందు అనుకోవాలన్నది. విషయం అర్థం చేసుకోవడం, ఫలితం ఏమవుతుందో గ్రహించడం, మాటతోనో సైగతోనో తెలియజేయడం అని సెక్షన్ 4 మూడు సంగతులు చెప్పి, మధ్యలో ‘లేదా’ పెట్టింది, అంటే ఆ మాట ప్రకారం ఏ ఒక్కటి చేయగలిగినా చాలు. నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేనట్టు కాదనీ రాసింది. ‘మాత్ర వద్దంటున్నాడు కాబట్టి తెలివి లేదు’ అన్నది ఈ సెక్షన్ ముందు నిలవదు. సామర్థ్యం చూసేది కూడా ఆ రోజు, ఆ నిర్ణయానికే. ఇంజెక్షన్ గురించి చెప్పలేని మనిషి ఎవరు చూడటానికి రావాలో చక్కగా చెప్పగలడు.

మనిషి తనంతట తాను ఆస్పత్రిలో చేరితే డిశ్చార్జి అడిగినప్పుడు పంపాలి. ప్రమాదం ఉందనుకుంటే పరీక్ష కోసం 24 గంటల వరకే ఆపగలరు. ప్రతినిధి దరఖాస్తు మీద సెక్షన్ 89 కింద చేర్చితే గడువు 30 రోజులు. ఆ చేరిక గురించి మహిళలు, మైనర్ల విషయంలో 3 రోజుల్లో, మిగతావారి విషయంలో 7 రోజుల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. ఈ చేరికను సవాలు చేస్తే బోర్డు 7 రోజుల్లో తేల్చాలి. దరఖాస్తుకు రుసుము లేదు. చేరినవారు నోటిమాటగానో ఫోనులోనో చెప్పినా ప్రత్యేక పరిస్థితుల్లో బోర్డు తీసుకోవచ్చు. రోగి, ప్రతినిధి మాత్రమే కాదు, రోగి సమ్మతి ఉంటే నమోదిత స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి కూడా బోర్డుకు వెళ్లవచ్చు. వాదోడుకు చట్టంలో ఉన్న అసలైన తలుపు ఇదే. అందుకే ఒంటరిగా కాకుండా ఒక నమోదిత సంస్థ తరఫున పనిచేయడం తెలివైన పని. బోర్డు నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో హైకోర్టుకు. లాయరు కావాలంటే వైకల్యం ఉన్నవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కు ఫోను చేయవచ్చు.

బ్యాంకులో సంగతి వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ‘స్థిరబుద్ధి’ అన్న మాట ఉంది. మేనేజర్లు దాన్నే పట్టుకుంటారు. అదే చట్టం మామూలుగా మతి స్థిమితం లేనివారు కూడా స్థిమితంగా ఉన్నప్పుడు ఒప్పందం చేసుకోవచ్చని చెబుతుంది. 2017 చట్టం మానసిక అనారోగ్యం ఉందన్నంత మాత్రాన మతి స్థిమితం లేనట్టు కాదని, అది తేల్చాల్సింది కోర్టు అని అంటుంది. వాదోడు కౌంటర్ దగ్గర గొడవ పడనక్కర్లేదు. ‘ఖాతా తెరవడం కుదరదన్న మాట కారణంతో సహా రాసివ్వండి’ అని మర్యాదగా అడిగితే, రాసివ్వడం కంటే తెరవడమే సులువనిపించే సందర్భాలు చాలానే ఉంటాయి.

ఇంటివాళ్లు, మాట రానివాళ్లు

కుటుంబం శత్రువు కాదు. ముప్పై ఏళ్లు మోసిన తల్లికి వాదోడు మీద కోపం రావడం న్యాయమే, ‘రాత్రి మూడింటికి లేచేది నేను, మాట్లాడేది మీరా?’ అని అడగవచ్చు. ఆవిడ అలసటకు చోటు ఇవ్వాలి, ఆవిడకు వేరే తోడు చూపించాలి. రెండు పడవల్లో మాత్రం కాళ్లు పెట్టకూడదు. ఒకే వాదోడు తల్లికీ కొడుకుకీ మాట మోయలేడు. ఎవరి తరఫున వచ్చామో మొదటి రోజే అందరి ముందూ చెప్పాలి. ‘ఆయన నాకు చెప్పింది మీకు చెప్పను, ప్రాణానికి ముప్పుందంటే తప్ప’ అనీ అప్పుడే చెప్పాలి. తర్వాత చెబితే నమ్మకద్రోహంలా వినిపిస్తుంది.

ఏ విధంగానూ తెలియజేయలేని మనిషి ఎదురైతే ‘ఆయన కోరిక ఇదీ’ అని వాదోడు రాయకూడదు. చూసింది రాయాలి. ఏ మనిషి వస్తే ముఖం విప్పారుతుంది, ఏ గదిలోకి తీసుకెళ్తే శరీరం బిగుసుకుంటుంది, ఇదివరకు ఎలా బతికాడు. దానికి తోడు ఆస్పత్రినీ కుటుంబాన్నీ ప్రశ్నలు వేయాలి: ఇంతకంటే తక్కువ కట్టడితో పని జరగదా? ఇంకేం ప్రయత్నించారు? మళ్లీ ఎప్పుడు చూస్తారు? మనిషిని కట్టేసి ఉంచితే ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాతలో ఉండాలి. ఎందుకంటే తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు తప్ప కట్టేయడాన్ని చట్టం ఒప్పుకోదు, శిక్షగా అసలే ఒప్పుకోదు.

పని ముగిసే రోజు కూడా మొదట్లోనే చెప్పి ఉంచాలి. ‘పెన్షన్ ఖాతా తెరిచేదాకా వస్తాను’ అంటే ఆయనకు అర్థమవుతుంది. చెప్పకుండా రావడం మానేస్తే, వదిలేసి పోయినవాళ్ల జాబితాలో ఇంకో పేరు చేరుతుంది. చివరి భేటీలో ఆ ఒక్క పేజీ కాగితాన్ని ఆయన చేతికే ఇవ్వాలి, ఆయన ఫొటో పైన అంటించి, ఎవరికి చూపించాలో ఆయనతోనే ఒకసారి చెప్పించి.